పండుగకు చుట్టాలు వస్తున్నారు, గేమ్ ఐడీ జాగ్రత్త

దసరా సెలవులు వచ్చాయంటే విజయనగరంలో ఏ ఇల్లు చూసినా చుట్టాలే. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి దాటాక వచ్చే మంగళవారం కాబట్టి, అది చూడకుండా ఎవరూ కదలరు. అన్ని రోజులూ పిల్లలు మేడ మీద ఫోన్లతో గుంపుగా కూర్చుంటారు. ఆడుకోవడాన్ని నేను తప్పుపట్టను. నా భయమల్లా ఆ గుంపులో చేతులు మారే ఐడీల గురించే.

"ఆటలో ర్యాంకు పెంచి ఇస్తాను, నీ ఐడీ (ఆట ఖాతా) ఇవ్వు" అంటాడు పెద్దమ్మ కొడుకు. అన్నయ్య అడిగితే కాదనడం మన ఇళ్లలో కష్టమే. అయితే ఇచ్చేది ఏమిటో చూడండి. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే ఫోన్ ఆట) వంటి ఆటల్లోకి చాలామంది గూగుల్ ఖాతాతోనే వెళ్తారు. అన్నయ్య తన ఫోన్లో మీ జీమెయిల్, పాస్‌వర్డ్ కొట్టగానే, సైన్ ఇన్ అవుతున్నది మీరేనా అని మీ ఫోను అడగవచ్చు. "అవును నొక్కరా" అంటాడు. నొక్కారా, ఆటతోపాటు మీ మెయిల్, మీ ఫొటోలు కూడా అతని ఫోన్లో తెరుచుకుంటాయి. ప్లే స్టోర్‌కు నాన్నగారి కార్డు జతచేసి ఉంటే దానితో కొనే దారీ తెరుచుకోవచ్చు. అన్నయ్య మంచివాడే కావచ్చు, కానీ ఆ ఫోను రేపు ఇంకెవరి చేతిలో ఉంటుందో అతనికీ తెలియదు.

సెలవులు అయ్యాక అతను లాగౌట్ చేయకుండానే హైదరాబాద్ బస్సు ఎక్కుతాడు. ఇక ఒకే సాయంత్రం ఒకే ఐడీ విజయనగరంలో ఒకసారి, కూకట్‌పల్లిలో మరోసారి తెరుచుకుంటుంది. ఏ ఫోను, ఏ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామా), ఏ వేళ అన్నవి కంపెనీ సర్వర్లకు కనిపిస్తాయి. నిన్నటిదాకా కింది ర్యాంకైన గోల్డ్‌లో తంటాలు పడినవాడు రెండు రోజుల్లో పై ర్యాంకైన ఏస్‌కు ఎగబాకినా అనుమానం రావచ్చు. అతను ఏదైనా హ్యాక్ (ఆటలో మోసం చేసే యాప్) వాడితే బ్యాన్, అంటే నిషేధం, పడేది మీ ఐడీకే. "ఆడింది నేను కాదు, మా అన్నయ్య" అని మొరపెట్టుకున్నా లాభం లేదు. ఖాతా మరొకరికి ఇవ్వకూడదన్న నిబంధన చాలా ఆటల్లో ఉంటుంది, ఆ మాటతో దాన్ని మీరినట్టు మీరే ఒప్పుకున్నట్టవుతుంది. డబ్బు పెట్టి కొన్న స్కిన్లూ (ఆటలోని దుస్తులు, తుపాకుల అలంకారాలు) ఐడీతోపాటే పోతాయి. కొన్ని ఆటల్లో ఫోనుకే బ్యాన్ వేస్తారు. అందుకని మీ ఫోను ఆడుకోవడానికి ఇచ్చినా, అందులో కొత్త యాప్ ఏదీ ఎక్కించనివ్వకండి.

కంప్యూటర్‌లో స్టీమ్ (ఆటలు కొని ఆడే వేదిక) వాడేవారికి మరో మాట. అందులో కుటుంబం పేరిట 6 మంది వరకు ఆటలు పంచుకోవచ్చు, అది అనుమతి ఉన్న పద్ధతే. కానీ మీరు కొన్న ఆటలో ఆ ఆరుగురిలో ఒకరు మోసం చేసి బ్యాన్ అయితే, ఆ ఆటలో మీకూ బ్యాన్ పడుతుంది. ఒకరు బయటికి వెళ్లాక ఆ ఖాళీ నిండడానికి ఏడాది ఆగాలి. కాబట్టి పక్కవీధి స్నేహితుణ్ణి తమ్ముడని చెప్పి చేర్చకండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. బీజీఎంఐ 2023 మేలో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటలు, పెద్దలకు 6 గంటలు అని హద్దు పెట్టారు. ఆ హద్దు దాటడానికే పిల్లలు బాబాయి ఐడీ అడుగుతారు. బాబాయిలు ఇవ్వకపోవడమే ప్రేమ.

చుట్టాలు దిగకముందే పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తోపాటు మరో నిర్ధారణ కూడా అడిగే పద్ధతి) పెట్టుకోండి. గూగుల్ ఖాతా భద్రత విభాగంలో మీ ఖాతా ఏయే ఫోన్లలో తెరిచి ఉందో కనిపిస్తుంది, తెలియనివి తీసేయండి. వచ్చిన పిల్లలు ఎవరి ఐడీ వారే తెరుచుకుని నలుగురూ ఒక స్క్వాడ్ (జట్టు) కట్టుకుంటే ఆటా బాగుంటుంది, గొడవా ఉండదు.

అప్పటికే బ్యాన్ పడి ఉంటే ఆటలోని కస్టమర్ సపోర్ట్‌కు మాత్రమే రాయండి, కొనుగోలు రసీదులు జతచేయండి. డబ్బిస్తే బ్యాన్ తీయిస్తామని టెలిగ్రామ్‌లో పలకరించేవారికి ఓటీపీ గానీ రూపాయి గానీ ఇవ్వకండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.