జిప్సం గోడ పని – 4వ పాఠం: గుండ్రటి మూల

తిన్నటి గోడ ఫ్రేము 3వ పాఠంలో నిలబెట్టాం. ఇప్పుడు హాల్లోకి పొడుచుకొచ్చే మూలని గుండ్రంగా తిప్పుదాం. వ్యాసార్ధం 600 మి.మీ. అనుకోండి. వంకర ఉంటే పుట్టీతో సరిచేయొచ్చని చాలామంది ధీమా. అది కుదరదు. వంపు ఎలా వస్తుందో ఛానెల్ (నేలకీ శ్లాబుకీ బిగించే U ఆకారం రేకు) దగ్గరే తేలిపోతుంది.

ముందు 12 మి.మీ. ప్లైవుడ్ మీద పావు వృత్తం గీసి, కోసి అచ్చు చేసుకోండి. గీయడానికి తాడు వద్దు, సాగుతుంది. చెక్కబద్దకి ఒక చివర మేకు, 600 దగ్గర పెన్సిల్ పట్టే బెజ్జం చాలు. నేలకీ శ్లాబుకీ అదే అచ్చు వాడాలి. కింది గీతని పైకి ఎక్కించేది తూకపు గుండుతోనే, కంటి అంచనాతో కాదు. పైదీ కిందిదీ తప్పితే బోర్డు మెలి తిరుగుతుంది.

ఛానెల్ ఒక అంచునీ అడుగునీ కలిపి రేకు కత్తెరతో 50 మి.మీ.కి ఒక కోత పెట్టండి. రెండు చివరలా 300 మి.మీ. కోయకుండా వదలాలి, తిన్నటి గోడలో కలిసేది ఆ ముక్కే. కోసిన అంచు వంపుకి బయటివైపు ఉండాలి, విచ్చుకునేది అదే. అచ్చుకి ఆనించి వంచాక, ఆ పళ్ల (కోతల మధ్య మిగిలిన అంచు ముక్కల) మీదుగా 25 మి.మీ. జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ చుట్టి స్క్రూలు బిగించండి. పట్టీ మానేస్తే పళ్లు బోర్డుని ఒక్కోచోట తోసి, మూల పలకలు పలకలుగా కనిపిస్తుంది.

వంపు పొడవు 600 × 1.57, అంటే 942 మి.మీ. స్టడ్ల (ఛానెల్‌లో నిలబెట్టే నిలువు రేకు కమ్మీల) ఎడం 150 మి.మీ. దాటకూడదు. 7 భాగాలు చేస్తే ఒక్కోటి 135 దాకా వస్తుంది, స్టడ్లు 8 పడతాయి.

12.5 మి.మీ. బోర్డు తడిపినా ఈ వంపుకి రాదు, విరుగుతుంది. వంపు పనికని అమ్మే 6.5 మి.మీ. బోర్డు రెండు పొరలు వేయండి. బోర్డు పొడవు అడ్డంగా తిరగాలి, వెడల్పు వైపు అంత వంగదు. వెనక ముఖం మీద నీళ్లు సమంగా చల్లి గంటసేపు ఆగండి. ఒక చివర బిగించి, అరచేత్తో అదుముతూ స్టడ్ వెంట స్టడ్‌గా ముందుకి పోవాలి. రెండు చివరలూ ముందే బిగిస్తే నడుమ ఉబ్బుతుంది. మొదటి పొరకి 25, రెండోదానికి 35 మి.మీ. స్క్రూలు. రెండో పొర వంపు 10 మి.మీ. ఎక్కువ తీసుకుంటుంది. రెండూ ఒకే కొలతకి కోసి తర్వాత అతుకు కలవలేదని బాధపడకండి. పై పొర అతుకు కింది పొర అతుకు మీద పడనివ్వకండి. వంపు ఆగేచోట అసలు అతుకే వద్దు, తిన్నటి గోడ మీదికి ఒక స్టడ్ దాటించండి.

కోనసీమ ఇళ్లలో నేల చెమ్మ పైకి పాకుతుంది. అందుకని బోర్డు అడుగున 10 మి.మీ. ఖాళీ వదిలేయండి, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) దాన్ని కప్పేస్తుంది. తడిపిన బోర్డు 24 గంటలు ఆరాలన్నది పొడి వాతావరణం లెక్క. గోదారికి వరద వచ్చే రోజుల్లో గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఫ్యాను పెట్టి రెండు మూడు రోజులు ఆగండి. చేత్తో తాకితే చల్లగా తగిలినంతసేపూ లోపల తడి ఉన్నట్టే, టేపు ముట్టుకోవద్దు. అతుకుల టేపు, కాంపౌండ్ పని 5వ పాఠంలో.