నాలుగో కెనాల్ ఎక్కడ? మూడో భాగం: ట్యూబ్ జరిపి చూడటం, స్కాన్ చదవడం

పోయిన భాగంలో రూట్ కెనాల్ చికిత్స కోసం పై దవడ ఫస్ట్ మోలార్‌కి (మొదటి పెద్ద దంతం) యాక్సెస్ తెరవడం, అంటే లోపలికి దారి చేయడం, పల్ప్ చాంబర్ (పంటి లోపలి గది) అడుగు చదవడం చూశాం. ఈ పంటికి మూడు రూట్లు (వేర్లు): బుగ్గ వైపు ముందుది మీసియోబక్కల్, వెనకది డిస్టోబక్కల్, అంగిలి వైపుది పాలటల్. మీసియోబక్కల్ రూట్‌లో మొదటి కెనాల్ ఎంబీ వన్, రెండోది ఎంబీ టూ, మనం వెతికే నాలుగో కెనాల్ అదే. ఎంబీ వన్ దొరికాక అక్కడి నుంచి పాలటల్ వైపు సుమారు 2 మిల్లీమీటర్ల దూరంలో, ఎంబీ వన్‌నీ పాలటల్ కెనాల్‌నీ కలిపే గీత మీదో, దానికి కాస్త మీసియల్‌గానో (నోటి ముందు వైపు) ఎంబీ టూ కోసం వెతకాలని చెప్పుకున్నాం. ఈసారి బర్ (పన్ను తొలిచే పనిముట్టు) పట్టుకోకముందు చేయాల్సిన పని, అంటే ఎక్స్‌రే పని.

ఎంబీ టూ అసలు ఉంటుందా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. 1969లో వైన్ బృందం పీకిన పళ్లని కోసి చూస్తే మీసియోబక్కల్ రూట్లలో సగానికి కాస్త పైగా రెండో కెనాల్ కనిపించింది. 1990లో కులిల్డ్, పీటర్స్ అనే ఇద్దరు చేతి పనిముట్లు, తర్వాత బర్, ఆ తర్వాత మైక్రోస్కోప్ వాడుతూ వెతికితే ఆ లెక్క 95 శాతం దాకా వెళ్లింది. చేతి పనిముట్లతోనే సగం పైన దొరికాయి, మిగతావి ఓపిక ఉంటేనే. కాబట్టి 16, 26 నంబర్ పళ్లలో (కుడి, ఎడమ పై ఫస్ట్ మోలార్లు) ఎంబీ టూ ఉందనే అనుకుని మొదలుపెట్టండి, లేదని తేల్చాల్సిన భారం మన మీదే.

ఒడిశాలోని గుణుపూర్, పర్లాకిమిడి, రాయగడ వైపు చిన్న క్లినిక్కుల్లో కూర్చునే మనవాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మన దగ్గర ఉండేది గోడకి ఒక ఎక్స్‌రే మెషీను, ఒక ఆర్‌వీజీ సెన్సర్ (నోట్లో పెట్టే డిజిటల్ ఎక్స్‌రే పలక), అంతే. సీబీసీటీ (పంటిని త్రీడీలో చూపే స్కాన్) కావాలంటే పేషెంట్‌ని విశాఖపట్నమో బరంపురమో పంపాలి. కూలికెళ్లే మనిషికి అది ఒక రోజు కూలి, రైలు చార్జీ, తోడొచ్చిన మనిషి ఖర్చు, వాటి పైన స్కాన్ డబ్బు. చాలామంది ఆ మాట వినగానే "పీకీండి బాబూ, గొడవొదిలిపోద్ది" అంటారు. అందుకే చేతిలో ఉన్న సెన్సర్‌తో ఎంత రాబట్టగలమో ముందు అంతా రాబట్టాలి. ఒకే ఒక్క ఐఓపీఏ (సెన్సర్ నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే) తీసి "ఎంబీ టూ కనబడలేదు" అని కార్డు మీద రాసేయడం నాకు అస్సలు నచ్చదు. అలాగే ప్రతి మోలార్‌కీ కళ్లు మూసుకుని స్కాన్ రాయడం కూడా.

మొదట తిన్నటి ఎక్స్‌రే, అంటే ట్యూబ్ (ఎక్స్‌రే మెషీను గొట్టం) ఏ పక్కకీ జరపకుండా తీసేది. హోల్డర్ వాడండి, పేరలలింగ్ పద్ధతిలోనే (సెన్సర్‌ని పంటికి సమాంతరంగా ఉంచి) తీయండి. బైసెక్టింగ్‌లో (సెన్సర్‌ని ఏటవాలుగా ఉంచి తీసే పద్ధతి) కిరణం నిలువుగా పైనుంచి దిగుతుంది కాబట్టి జైగోమా (చెంప) ఎముక నీడ తెచ్చి రూట్ల మీద పడేస్తుంది, ఇక అక్కడ చదవడానికి ఏమీ మిగలదు. అంగిలి లోతు తక్కువున్న వాళ్లకి సెన్సర్ నిలబడకపోతే బైట్ బ్లాక్‌కీ పంటికీ మధ్య ఒక కాటన్ రోల్ పెట్టండి, చాలావరకు సర్దుకుంటుంది. ఈ ఎక్స్‌రేలో కెనాల్ గీత పైనుంచి స్పష్టంగా వచ్చి రూట్ మధ్యలో ఠక్కున పలచబడిందా, మాయమైందా చూడండి. అలా జరిగితే అక్కడ కెనాల్ రెండుగా చీలిందని అనుమానించాలి. రూట్‌కి ఒకే పక్క పీడీఎల్ (రూట్ చుట్టూ ఉండే సన్నటి పొర) గీతలు రెండు కనిపిస్తే ఆ రూట్ బక్కల్ నుంచి పాలటల్‌కి వెడల్పుగా ఉండి మధ్యలో నొక్కుకుపోయి ఉండొచ్చు, రెండు కెనాల్స్‌కి చోటున్న రూట్ అన్నమాట. ఇవి అనుమానాలే తప్ప సాక్ష్యాలు కావు. తిన్నటి ఎక్స్‌రేలో ఎంబీ వన్, ఎంబీ టూ ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి, విడిగా ఎలా కనిపిస్తాయి?

విడదీయాలంటే ట్యూబ్ జరపాలి. 1910లో క్లార్క్ చెప్పిన సూత్రం ఇది, కాలేజీలో స్లాబ్ రూల్ అని బట్టీ పట్టాం: ట్యూబ్ ఎటు జరిగితే ఎక్స్‌రేలో అటే జరిగేది నాలుక వైపుది, ఎదురు దిశలో జరిగేది బుగ్గ వైపుది. పై పళ్లకి నాలుక వైపు అంటే అంగిలి వైపు. పరీక్షలో అందరం రాశాం కానీ కుర్చీలో పేషెంట్ ఉన్నప్పుడు దీన్ని వాడేవాళ్లు తక్కువ.

మన పంటికి దీన్ని అన్వయించుకుందాం, ఇక్కడ తొందరపడకుండా చదవండి. ట్యూబ్‌ని అడ్డంగా ఓ 20 డిగ్రీలు డిస్టల్ వైపు (నోటి వెనక వైపు) జరిపారనుకోండి. పాలటల్ రూట్ అంగిలి వైపుది కాబట్టి ఎక్స్‌రేలో డిస్టల్‌కి జరుగుతుంది, అంటే మీసియోబక్కల్ రూట్ మీద నుంచి తప్పుకుంటుంది. ఎంబీ టూ కూడా ఎంబీ వన్‌కి డిస్టల్‌గా పడుతుంది. బాగానే ఉంది, కానీ జైగోమా బుగ్గ వైపుది కదా, అది ఎదురుగా మీసియల్‌కి జరిగి సరిగ్గా మనం చూడాలనుకున్న రూట్ మీదే కూర్చోవచ్చు. ఇప్పుడు ట్యూబ్‌ని మీసియల్ వైపు జరపండి. జైగోమా డిస్టల్‌కి తప్పుకుంటుంది, ఎంబీ టూ ఎంబీ వన్‌కి మీసియల్‌గా పడుతుంది, కానీ పాలటల్ రూట్ వచ్చి మీసియోబక్కల్ మీద పడుతుంది. ఒక అడ్డు తీస్తే ఇంకో అడ్డు వస్తోంది. ఏ మనిషికి ఏ అడ్డు పెద్దదో ముందే చెప్పలేం కాబట్టే తిన్నటిది, మీసియల్‌ది, డిస్టల్‌ది మూడూ కావాలి. ట్యూబ్ మరీ ఎక్కువ తిప్పితే పక్క పంటి క్రౌన్ (పైభాగం) వచ్చి మీద పడుతుంది, కాబట్టి 20 దాటకండి.

ఏది ఎటు జరిపి తీశారో అప్పటికప్పుడే ఇమేజ్ పేరులో రాసిపెట్టండి. దిశ తెలియని షిఫ్ట్ ఎక్స్‌రేతో స్లాబ్ రూల్ పనిచేయదు.

"ఎన్నిసార్లు తీస్తారు బాబూ ఫొటో?" అని పేషెంట్ అడుగుతాడు, న్యాయమే. డిజిటల్ ఐఓపీఏ ఒక్కోటి కొన్ని మైక్రోసీవర్ట్‌ల (రేడియేషన్ కొలత) డోసు మాత్రమే, మామూలుగా బతికితేనే మనిషికి ఏడాదికి దాదాపు 2,400 పడతాయి, ఆ సంగతి నెమ్మదిగా చెప్పండి. చిన్న ఫీల్డ్ (కొద్ది చోటు మాత్రమే తీసే) సీబీసీటీ అయితే సాధారణంగా పదుల్లోకి వెళ్తుంది. అలాగని కారణం లేకుండా నాలుగోది తీయకండి.

వర్కింగ్ లెంగ్త్ ఎక్స్‌రే (కెనాల్ పొడవు కొలవడానికి తీసేది) దగ్గర ఇంకో సాక్ష్యం దొరుకుతుంది, నా లెక్కలో అన్నిటికన్నా గట్టిది ఇదే. ఎంబీ వన్‌లో ఫైల్ (కెనాల్‌ని శుభ్రం చేసే సన్నటి సూది లాంటి పనిముట్టు) ఉంచి ట్యూబ్ జరిపి తీయండి. ఫైల్ రూట్ నీడకి సరిగ్గా నడిమధ్య పోతోందా, ఒక అంచుకి ఒరిగి పోతోందా? ఒరిగితే రెండో వైపు ఖాళీలో ఇంకో కెనాల్ ఉండాలి, ఎందుకంటే రూట్‌లో ఒకే కెనాల్ ఉంటే అది ఇంచుమించు నడుమే ఉంటుంది. ఈ పరీక్ష తిన్నటి ఎక్స్‌రేలో పనికిరాదు, అక్కడ రూట్ సన్న వైపే మనకి కనిపిస్తుంది. రెండు కెనాల్స్ దొరికాక ఒకదాంట్లో కే ఫైల్, ఇంకోదాంట్లో హెచ్ ఫైల్ (ఆకారం వేరుగా కనిపించే రెండు రకాలు) పెట్టి తీస్తే ఏది ఏదో పోల్చుకోవడం తేలిక.

ఇంతా చేసి అనుమానం బలంగా ఉండి, దారి దొరక్కపోతేనో, పాత ఆర్‌సీటీ (రూట్ కెనాల్ చికిత్స) ఫెయిలై వచ్చిన పన్నయితేనో అప్పుడు సీబీసీటీ. అమెరికన్ ఎండోడాంటిస్టుల సంఘం, అక్కడి ఓరల్ రేడియాలజిస్టుల అకాడమీ కలిసి 2015లో ఇచ్చిన ప్రకటనలోనూ ఇదే వరస: ముందు నోట్లో తీసే ఎక్స్‌రే, అదనపు కెనాల్స్ ఉన్నాయని అనుమానముంటే చిన్న ఫీల్డ్ సీబీసీటీ. చీటీ మీద "సీబీసీటీ" అని ఒక్క ముక్క రాసి పంపితే దవడంతా తీసి నిగనిగలాడే ప్రింటు చేతిలో పెట్టొచ్చు, దాంతో మనకి పని జరగదు. పంటి నంబరు, ఫీల్డ్ 5×5 సెంటీమీటర్లు లేదా అంతకన్నా చిన్నది, వోక్సెల్ (త్రీడీ బొమ్మలో అతి చిన్న గడి) 0.1 మిల్లీమీటర్ దరిదాపుల్లో, "మీసియోబక్కల్ రూట్‌లో రెండో కెనాల్ ఉందా, ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తోంది" అనే ప్రశ్న, ఇవి రాయండి. డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు ఫైళ్లు) సీడీలోనో లింకులోనో కావాలని గట్టిగా అడగండి.

ఫైల్ తెరవగానే స్క్రోల్ చేసేయకండి. ముందు కరోనల్, సాజిటల్ (ముందు నుంచి, పక్క నుంచి చూపే) కిటికీల్లో అక్షాన్ని తిప్పి మీసియోబక్కల్ రూట్ పొడవునా నిలబెట్టండి, లేకపోతే ఏటవాలు ముక్కలు వచ్చి గుండ్రటి కెనాల్ కూడా సాగినట్టు కనిపిస్తుంది. తర్వాత యాక్సియల్‌లో (అడ్డుకోతలు చూపే కిటికీ) చాంబర్ అడుగు నుంచి ఎపెక్స్ (రూట్ కొస) దాకా మెల్లగా వెళ్లండి. ఆ రూట్ అడ్డుకోత బక్కల్ నుంచి పాలటల్‌కి కోలగా ఉంటుంది. నల్ల చుక్క ఆ కోలకి నట్టనడుమ ఉంటే ఒకే కెనాల్ కావచ్చు. చుక్క బక్కల్ కొసకి ఉండి మిగతా కోలంతా ఖాళీ డెంటిన్ (పంటి గట్టి భాగం) అయితే ఆ ఖాళీలో ఆగి వెతకండి. రెండు చుక్కల మధ్య సన్నటి నల్ల పట్టీ ఉంటే అది ఇస్మస్ (రెండు కెనాల్స్‌ని కలిపే సన్నటి సందు), క్లీనింగ్ దగ్గర దాని సంగతి చూడాలి. ఎంబీ వన్ నుంచి ఎంత దూరం, ఏ దిక్కు, మీరు రిఫరెన్స్‌గా తీసుకునే కస్ప్ (పంటి పైమొన) నుంచి ఎంత లోతు, ఈ మూడూ కొలిచి కార్డు మీద రాసుకోండి. కుర్చీ దగ్గర పనికొచ్చేవి ఆ అంకెలే.

మెటల్ క్రౌన్ (తొడుగు), పాత గట్టాపెర్చా (కెనాల్‌లో నింపే పదార్థం) ఉన్న పళ్లతో జాగ్రత్త. గట్టాపెర్చా పక్కన నల్ల చార కనిపించి వదిలేసిన కెనాల్‌లా ఊరిస్తుంది. నిజమైన కెనాల్ ఒక స్లైస్ నుంచి ఇంకో స్లైస్‌కి కొనసాగుతుంది, రూట్ లోపలే ఉంటుంది. చార మాత్రం మెటల్ నుంచి తిన్నగా బయల్దేరి రూట్ గీత దాటి ఎముకలోకీ పోతుంది. ఇంకోటి, బాగా గట్టిపడిన సన్నటి కెనాల్ వోక్సెల్‌కి అందకపోవచ్చు, కాబట్టి స్కాన్‌లో లేకపోయినా చాంబర్ అడుగు మీద వెతకడం మానకండి.

ఈ భాగానికి అభ్యాసం: పీకిన పై మోలార్ ఒకటి శుభ్రం చేసి, ఆటోక్లేవ్ పెట్టి, మైనం ముద్దలో నిలబెట్టండి. ఎంబీ వన్‌లో, పాలటల్‌లో ఫైళ్లు పెట్టి తిన్నగా, మీసియల్‌గా, డిస్టల్‌గా మూడు ఎక్స్‌రేలు తీయండి. ఇమేజ్ తెరవకముందే ఏ ఫైల్ ఎటు జరుగుతుందో కాగితం మీద రాసి, తర్వాత సరిచూసుకోండి. ఎంబీ వన్ ఫైల్ ఒరిగిందా లేదా తేల్చుకున్నాక, డిస్క్‌తో మీసియోబక్కల్ రూట్‌ని అడ్డంగా కోసి, ఎన్ని రంధ్రాలున్నాయో లూప్స్ (భూతద్దాల కళ్లజోడు) పెట్టుకుని లెక్కపెట్టండి. వచ్చే భాగంలో అల్ట్రాసోనిక్ టిప్‌తో ఎంబీ వన్ నుంచి ఎంబీ టూ వైపు పోయే గాడి ఎంత లోతు తవ్వొచ్చు, ఎక్కడ ఆపాలి అనేది చూద్దాం. కోసిన పన్ను పారేయకండి, దానితోనే మొదలుపెడతాం.