పాడ్‌కాస్ట్ సంభాషణ, 4వ పాఠం: “ఒక మహిళగా మీరు...” అని మొదలెట్టకండి

పోయిన పాఠంలో “అతిథి మాట ముగించాక మూడు సెకన్లు ఆగండి” అన్నాను, ఎక్కడ ఆగాలో చెప్పలేదు. తప్పు నాదే. మీరు పంపిన రికార్డింగులు వింటే, “మీ పేరెలా పలకాలి?” అనడిగి జవాబు వచ్చాక కూడా మూడు సెకన్లు బిగుసుకుపోయినవాళ్లున్నారు. ఒక దాంట్లో అతిథే “హలో, వినిపిస్తోందా?” అన్నారు పాపం. కాల్‌లో మాట చేరడానికే కాస్త ఆలస్యమవుతుంది, దాని మీద మీ మౌనం కూడా పడితే లైన్ కట్ అయిందనుకోరా మరి? ఆగాల్సింది ఎక్కడంటే, అతిథి ఎప్పుడూ చెప్పే జవాబు చెప్పేసి, ఇంకేదో మిగిలిపోయినట్టు గొంతు తగ్గించినప్పుడు. గంటసేపు మాట్లాడితే అలాంటి చోట్లు నాలుగైదు దొరికితే గొప్ప.

ఇంకొందరు ఆ మౌనాలు చూసి కంగారుపడి ఆడియో ఎడిట్ చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో, మౌనాల్ని దానంతటదే కుదించే ట్రంకేట్ సైలెన్స్ కొట్టేశారు, అదీ ఇద్దరి గొంతులూ వేరువేరుగా ఉన్న ట్రాకులకు విడివిడిగా. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ రెండోవాళ్ల ట్రాకులో ఉండేది మౌనమే కదా, అది కాస్తా కుదించుకుపోయి ప్రశ్న కంటే ముందే జవాబు వచ్చేసింది. అన్‌డూ చేసి, రెండు ట్రాకులూ కలిపి సెలెక్ట్ చేసి, విడివిడిగా కత్తిరించే ఆప్షన్ తీసేసి నడపండి. నేనైతే దాన్ని ముట్టుకోను, చేత్తోనే కోస్తాను.

ఇక ఈ పాఠం. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు అడగకూడదని మీకు తెలుసు, వదిలేద్దాం. నాకు ఒళ్లు మండేది “ఒక ఫలానాగా” ప్రశ్న. హాస్యనటి వచ్చి కూర్చోగానే “ఒక మహిళగా కామెడీ చేయడం ఎలా ఉంది?” అంటారు. ఆవిడకి ఆ జవాబు నోటికొచ్చు, నిద్రలో లేపినా చెప్పేస్తుంది. అదే ప్రశ్న మగ నటుణ్ణి “ఒక పురుషుడిగా” అని అడిగి చూడండి, మీకే నవ్వొస్తుంది. “ఆ జోక్‌కి మొదటిసారి ఎవరూ నవ్వలేదన్నారు కదా, స్టేజి దిగాక ముందు ఎవరితో మాట్లాడారు?” అనండి, ఆడవాళ్లకి అక్కడ ఎదురయ్యేవన్నీ ఆవిడే చెబుతుంది, చెప్పాలనిపిస్తే.

రాజకీయాల్లో ఇది ఇంకా ఘోరం. వలస వెళ్లిన కుటుంబంలో పుట్టిన రచయితని “ఈ ఎన్నికల గురించి మీవాళ్లేమనుకుంటున్నారు?” అంటారు. ఆయనేమైనా ఇల్లిల్లూ తిరిగి అడిగొచ్చాడా? “ఓటు విషయంలో మీ ఇంట్లో ఎప్పుడైనా గొడవైందా? అయితే ఏ భాషలో తిట్టుకున్నారు?” అంటే ఆయన ఇంటి సంగతి చెబుతాడు, భాష, తరం, పార్టీ అన్నీ అందులోనే వస్తాయి. గుర్తింపు గురించి మాట్లాడొద్దని కాదు నేననేది, సంఘటన అడగండి, ప్రతినిధిని చేసి కూర్చోబెట్టకండి.

గాయకుడైతే? అదే సూత్రం.

అభ్యాసం, మర్చిపోయేవాణ్ణే: మీ చివరి రికార్డింగులో పదిహేను నిమిషాలు తీసుకుని, మీ మాటలూ అతిథి మాటలూ పొల్లుపోకుండా చేత్తో రాయండి, “ఊఁ”, “ఆఁ”లతో సహా. “ఒక ఫలానాగా” ప్రశ్న కనిపించిన ప్రతిచోటా పక్కనే మూడు వేరే ప్రశ్నలు రాయండి. రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ వాడితే నాకు తెలిసిపోతుంది, అవి చాలావరకు “ఊఁ”లు మింగేస్తాయి.