ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ: ముందు ఫెలోషిప్, తర్వాత గైడ్, ఆఖరికి టాపిక్

ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ఉన్న పిల్లలు నల్గొండ నుంచో పాలమూరు నుంచో ఫోన్ చేసి ముందుగా అడిగేది ఒకటే: "అక్కా, ఏ టాపిక్ తీసుకుంటే మంచిది?" టాపిక్ సంగతి పక్కన పెట్టండి. ముందు మీ పేరు మీద ఫెలోషిప్ (పరిశోధన చేస్తున్నన్నాళ్లు నెలనెలా వచ్చే డబ్బు) రావాలి, తర్వాత గైడ్‌ను, అంటే మన పరిశోధన నడిపించే ప్రొఫెసర్‌ను చూసుకోవాలి. టాపిక్ ఆ తర్వాతి మాట. దేవరకొండ దగ్గర పత్తి పండించే ఇంటి నుంచి వెళ్లి హైదరాబాద్‌లో అయస్కాంత పదార్థాల మీద పీహెచ్‌డీ చేశాను. ఎవరడిగినా ఈ వరుసే చెప్తాను.

డబ్బు లెక్క చూడండి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద 42,000. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటద్దె అదనం. అదే ఏ ఫెలోషిప్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే నెలకు 8,000. హైదరాబాద్‌లో 8,000కు మెస్ బిల్లు కట్టి, పండక్కి ఊరికొచ్చేసరికి జేబు ఖాళీ. "ఇంకెన్నేండ్లు బిడ్డా?" అని నాయిన అడిగినప్పుడు, ఇంటికి నెలనెలా ఎంతో కొంత పంపే బిడ్డ చెప్పే జవాబుకు ఉండే బరువే వేరు. పెండ్లి మాటలు కూడా కొంచెం వెనక్కి జరుగుతాయి. ఆడపిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి.

నెట్ పేపర్ మూడు గంటలు, 200 మార్కులు. పార్ట్ ఏలో 15 ప్రశ్నలకు 30, బీలో 20 ప్రశ్నలకు 70, సీలో 20 ప్రశ్నలకు 100. తప్పు రాస్తే పావు వంతు కోత. మనవాళ్లు పార్ట్ ఏను పట్టించుకోరు. అందులో ఉండేవి శాతాలు, గ్రాఫులు, లాజిక్ ప్రశ్నలు. రోజూ అరగంట కూర్చుంటే వచ్చే మార్కులు వదులుకోవడం దండగ. బీ, సీలకు మ్యాథమెటికల్ ఫిజిక్స్, క్లాసికల్, క్వాంటమ్, ఈఎమ్ థియరీ, స్టాట్ మెక్ గట్టిగా చేయండి. పాత పేపర్లు గడియారం పెట్టుకొని రాయండి. సొల్యూషన్ చదివి తలూపితే పరీక్ష హాల్లో చేయి కదలదు.

నెట్ ఒక్కటే నమ్ముకోకండి. గేట్ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, స్కోరు మూడేండ్లు చెల్లుతుంది, ఐఐటీలకు పనికొస్తుంది. బెంగళూరు ఐఐఎస్‌సీ లాంటి చోట్లకు జెస్ట్ అనే పరీక్ష కూడా ఒక దారి. టాటా వాళ్ల పేరున్న పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌కు సొంత పరీక్ష ఉంది, దాని హైదరాబాద్ క్యాంపస్ గోపన్‌పల్లిలోనే. చదువు ఒకటే కాబట్టి అన్నీ రాసేయండి. ఫీజులు మాత్రం ముందే చూసుకోండి.

ఇంటర్వ్యూలో "నీకిష్టమైన సబ్జెక్ట్ ఏది?" అంటారు. క్వాంటమ్ అని గొప్పకు చెప్పొద్దు, నిజంగా వచ్చింది చెప్పండి. క్వాంటమే అన్నారనుకోండి, బోర్డు మీద పార్టికల్ ఇన్ ఎ బాక్స్ (పెట్టెలో చిక్కుకున్న కణం) గీయమంటారు. పెట్టె వెడల్పు రెట్టింపు చేస్తే ఎనర్జీ ఏమవుతుంది? నాలుగో వంతు అవుతుంది. సరే, కనీస ఎనర్జీ సున్నా ఎందుకు కాదు? చాలామంది ఆగిపోయేది ఇక్కడే. తెలియకపోయినా ఆలోచిస్తూ పైకి మాట్లాడండి. వాళ్లు చూసేది అదే. తెలుగు మీడియం అని భయం వద్దు, ఇంగ్లిష్ తడబడినా సమీకరణం తడబడకపోతే చాలు.

ఇక గైడ్. పేరు చూసి, రీసెర్చ్ పేపర్ల లెక్క చూసి పడిపోకండి. సీనియర్లను ల్యాబులో అడిగితే నవ్వి ఊరుకుంటారు, క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ అడగండి. ఈ గ్రూపులో మొన్న బయటపడ్డవాళ్లకు ఎన్నేండ్లు పట్టింది? డ్రాఫ్ట్ ఇస్తే సార్ ఎన్ని రోజులకు చదువుతారు? శాంపిళ్లను బాగా చల్లబరిచే లిక్విడ్ హీలియం ఎప్పుడూ దొరుకుతుందా, కొలతల కోసం బయటికి పోవాలా? మధ్యలో మానేసినవాళ్లు ఉన్నారా, ఎందుకు? ఈ నాలుగింటికి జవాబు దొరికితే వెబ్‌సైట్ చూడకపోయినా పర్వాలేదు. రిటైర్మెంట్‌కు మూడేండ్ల కన్నా తక్కువ ఉంటే కొత్తవాళ్లను తీసుకోకూడదని యూజీసీ 2022 నిబంధన. అదీ కనుక్కోండి.

చేరాక మొదట కోర్స్‌వర్క్, కనీసం 12 క్రెడిట్లు. దాంతో పెద్ద ఇబ్బంది ఉండదు. అసలు కష్టం ల్యాబులో. మా పని ఇలా ఉండేది: ఆక్సైడ్ పొడులు మిల్లీగ్రాముల లెక్కన తూచి, అగేట్ మోర్టార్‌లో గంటల తరబడి నూరి, ఫర్నేస్‌లో కాల్చి, మళ్లీ నూరి, బిళ్లలుగా ఒత్తి, మళ్లీ కాల్చి, ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూపే పరికరంలో) చూడాలి. ప్యాటర్న్‌లో ఒక చిన్న పీక్ అదనంగా కనిపించిందంటే వేరే ఫేజ్, అంటే మనకు అక్కర్లేని ఇంకో పదార్థం కలిసి ఉన్నట్టే, పని మొదటికొస్తుంది. అందుకే నోట్‌బుక్‌లో తూకాలు, ఉష్ణోగ్రత, వేడెక్కిన వేగం, ఆ రోజు కరెంటు పోయిన టైమ్ కూడా రాయండి. రెండేండ్ల తర్వాత జర్నల్ తరఫున మన పేపర్‌ను పరిశీలించే రిఫరీ అడిగేది సరిగ్గా అదే. యూనివర్సిటీలో పరికరం లేకపోతే ఇండోర్‌లోని యూజీసీ-డీఏఈ సెంటర్‌కు ప్రపోజల్ పెట్టుకోవచ్చు, యూనివర్సిటీ విద్యార్థుల కోసమే ఆ సెంటర్ ఉంది.

ఫెలోషిప్ వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. మా దగ్గర ఆఫీసులో ఒకరు, మేం పనిచేస్తున్నామని ఆన్‌లైన్‌లో నెలవారీ కన్ఫర్మేషన్ నొక్కడం మరచిపోయి, కొన్ని నెలలు పైసా రాలేదు. అప్పులతో నెట్టుకొచ్చాం. నెల మొదట్లోనే వెళ్లి మర్యాదగా గుర్తుచేయండి, విసుక్కున్నా ఫర్వాలేదు.

థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను 2022లో యూజీసీ తీసేసింది. అయినా వేయండి, పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగానికి) అడిగేది అదే. డబ్బు తీసుకొని వారంలో వేసే జర్నళ్ల జోలికి పోవద్దు. గడువు మొత్తం ఆరేండ్లు. మహిళలకు ఇంకో రెండేండ్ల సడలింపు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి. సిగ్గుపడకుండా వాడుకోండి. నాలుగో ఏడు నుంచే చాప్టర్లు రాస్తూ పోతే ఆఖర్లో టెన్షన్ ఉండదు. సిమిలారిటీ (ఇతరుల రాతలతో పోలిక) పది శాతం లోపు ఉండేలా చూసుకోండి. థీసిస్ బయటి ఎగ్జామినర్లు ఇద్దరికి వెళ్తుంది, రిపోర్టులు వచ్చాక అందరి ముందు వైవా.

సబ్మిట్ చేసేముందు కవర్ మీద పేరు చూసుకోండి. మన దగ్గర ఇంటిపేరు ఒక మెమోలో ముందు, ఒకదాంట్లో వెనక, ఇంకోదాంట్లో ఒక్క అక్షరంగా ఉంటుంది. ఎస్సెస్సీ మెమోలో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే వేయించండి. లేకపోతే ఉద్యోగానికి సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో అఫిడవిట్ పట్టుకొని తిరగాలి.