మొరాయించి కూర్చున్న పెద్ద కుక్కను కదిలించడం ఎలా?

నడకకు తీసుకువెళ్లిన పెద్ద కుక్క వీధి మధ్యలో నాలుగు కాళ్లూ బిగబట్టి ఆగిపోతే చాలామంది వెంటనే బెల్టు పట్టుకుని లాగుతారు. దానివల్ల ప్రయోజనం ఉండదు. ఒకవైపు నుంచి బలం తగలగానే రెండోవైపుకు ఒరిగి నిలదొక్కుకోవడం కుక్క శరీరానికి సహజం కనుక, మనం ఎంత లాగితే అది అంత బిగుసుకుంటుంది. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, రాట్‌వైలర్ జాతుల్లో ఎదిగిన మగ కుక్కలు 50 నుంచి 80 కిలోల వరకు తూగుతాయి. అంత బరువును మెడపట్టీతో ఈడ్చితే దాని గొంతునాళానికీ, మన నడుముకూ దెబ్బ తగలడమే మిగులుతుంది. అందువల్ల అది ఎందుకు కదలడం లేదో ముందుగా తెలుసుకోవాలి. నా అనుభవంలో మనం మొండితనం అనుకునే సందర్భాల్లో సగానికి పైగా మొండితనం కానే కావు.

మన ప్రాంతంలో మొదట అనుమానించవలసింది ఎండను. సెయింట్ బెర్నార్డ్ స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులోని ఆల్ప్స్ కనుమలో, మంచులో పనిచేయడానికి పెంచిన జాతి. దాని దట్టమైన బొచ్చుకు మే నెల రామగుండం గానీ విజయవాడ గానీ తగిన చోటు కాదు. కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా పాదాల అడుగున మాత్రమే. ఒంటి వేడిని అది ముఖ్యంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో ఆ ఉపాయం కూడా సరిగా పనిచేయదు. వేసవిలో నడకను తెల్లవారకముందే ముగించాలి. సాయంత్రమైతే పొద్దు గుంకిన తరువాత కూడా తారురోడ్డు చాలాసేపు వేడిగానే ఉంటుంది కనుక, మన అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచగలిగితేనే కుక్కను దింపాలి. ఎండలో కూలబడిన కుక్క ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, అడుగులు తడబడుతూ ఉంటే దాన్ని వెంటనే నీడకు చేర్చి, పొట్ట కింద, గజ్జల్లో, పాదాల మీద చల్లటి నీళ్లు పోస్తూ, గాలి తగిలేటట్లు చూస్తూ పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి. కుక్క సాధారణ ఉష్ణోగ్రత సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. అది 104 దాటితే ప్రమాదం మొదలైనట్లే.

తరువాత చూడవలసింది నొప్పి. భారీ జాతుల్లో తుంటి కీలు సరిగా అమరకపోవడం, మోచేతి కీళ్ల అరుగుదల తరచుగా కనిపించే సమస్యలు. పొద్దున లేవడానికి ఎక్కువసేపు పట్టడం, పరుగులో వెనుక కాళ్లు రెండింటినీ కలిపి గెంతడం, నిన్నటి దాకా ఎక్కిన మెట్ల ముందు ఇప్పుడు ఆగిపోవడం దీనికి గుర్తులు. గోమార్ల ద్వారా వచ్చే టిక్ ఫీవర్ మన దగ్గర చాలా సాధారణం. జ్వరంతో తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ఒక మూల పడుకున్న కుక్కను బద్ధకస్తురాలని వదిలేయడం ప్రాణాంతకం కావచ్చు. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తున్నా ఏమీ బయటికి రాకపోతే అది కడుపు మెలిపడటం కావచ్చు. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు వచ్చే ఈ స్థితిలో కొద్దిసేపు కూడా వేచి ఉండకూడదు. నొప్పి కదా అని మనుషులు వాడే పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ మాత్రలు ఇవ్వడం ఎంతమాత్రం తగదు, అవి కుక్కకు విషంతో సమానం.

ఇంట్లోనే కదలకపోతే నేలను గమనించండి. నున్నటి గ్రానైట్ మీద, టైల్స్ మీద ఒకసారి జారిపడిన కుక్క ఆ గది దాటడానికే భయపడుతుంది. అది పడుకునే చోటు నుంచి గుమ్మం వరకు రబ్బరు చాపలు పరచి, గోళ్లు కత్తిరించి, పాదాల మధ్య పెరిగిన వెంట్రుకలు తీసేస్తే చాలా ఇళ్లలో సమస్య అక్కడితో తీరిపోతుంది.

ఇవేవీ కానప్పుడు మాత్రమే అసలు మొండితనం గురించి ఆలోచించాలి. దాన్ని తరచుగా మనమే నేర్పుతాం. పార్కు నుంచి లేచిన ప్రతిసారీ ఇంటికే తీసుకువెళితే, లేవడం అంటే సరదా ముగిసినట్లేనని కుక్కకు అర్థమవుతుంది. కూర్చుండిపోయిన ప్రతిసారీ ముక్క చూపించి బతిమాలితే, కూర్చుంటే ముక్క దొరుకుతుందని నేర్చుకుంటుంది. కాబట్టి పార్కులో మధ్యమధ్య లేపి, నాలుగు అడుగులు నడిపించి, మళ్లీ వాసనలు చూడనివ్వాలి. తిండిని ముందుగా చూపించకుండా, కదిలిన తరువాతనే ఇవ్వాలి.

నేర్పే పద్ధతి ఇది. ఇంట్లో, కుక్క హుషారుగా ఉన్న వేళ, తెరిచిన అరచేతిని దాని ముక్కుకు దగ్గరగా పెట్టండి. అది వాసన చూడటానికి ముక్కు ఆనించగానే మెచ్చుకుని, రెండో చేతితో ఉడికించిన కోడిమాంసం ముక్క ఇవ్వండి. ఉల్లి, వెల్లుల్లి వేసి వండినది మాత్రం పెట్టకూడదు. చేతిని క్రమంగా దూరం జరుపుతూ, ఒక అడుగు, రెండు అడుగులు, గది అవతల వరకు రప్పించుకోవాలి. బాగా అలవాటయ్యాక ఆ చేతికి ‘రా’ అనే మాట జోడించి, తరువాత వరండాలో, ఆపై వీధిలో సాధన చేయించాలి. ఇంటిల్లిపాదీ అదే మాట వాడటం ముఖ్యం. నానమ్మ ‘లేరా’ అని, పిల్లలు ‘కమ్’ అని, తండ్రి ఈల వేసి పిలుస్తుంటే కుక్కకు ఏదీ స్థిరపడదు.

వీధిలో ఆగినప్పుడు దాని ముఖంలోకి చూస్తూ ఎదురుగా నిలబడకండి. బెల్టు వదులు చేసి, పక్కకు వచ్చి, అది చూస్తున్న దిక్కుకే తిరిగి, కాసేపు ఆగి, చేయి చూపుతూ పక్కకు వంపు తిరిగి నడవండి. నేరుగా ముందుకు రానని భీష్మించిన కుక్క కూడా పక్కకు ఒక అడుగు వేస్తుంది, ఆ అడుగు పడ్డాక నడక సులువవుతుంది. మెడపట్టీకి బదులు ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) వాడటం మంచిది.

సోఫా మీద నుంచి దించడానికి పట్టీ పట్టుకుని గుంజకూడదు. గుర్రుమంటే కొట్టనూ కూడదు; ఆ హెచ్చరికను అణచివేస్తే మరోసారి హెచ్చరించకుండానే కరవవచ్చు. చేయి చూపి దిగమనడం, దిగగానే దాని సొంత పరుపు మీద బహుమతి ఇవ్వడం మేలైన దారి. ఆ పరుపు మందంగా ఉండాలి, లేకపోతే గట్టి నేల ఒరిపిడికి మోచేతులు కాయ కాసి వాచిపోతాయి. గుమ్మానికి అడ్డంగా పడుకునే అలవాటుంటే, అక్కడి నుంచే ఇల్లంతా కనిపించే మరో చల్లని మూల చూసి పరుపు వేయండి. రాత్రివేళ లేచే పెద్దవాళ్లు కాళ్లకు తగిలి పడకుండా ఉంటారు.

తప్పనిసరిగా ఎత్తవలసి వస్తే ఒంటరిగా ప్రయత్నించవద్దు. ఒకరు ఛాతీ కింద, మరొకరు తొడల వెనుక చేతులు చుట్టి, మోకాళ్లు వంచి, ఒకేసారి లేవాలి. వెనుక కాళ్లు మాత్రమే బలహీనమైతే పొట్ట కిందుగా తువాలు వేసి పైకి పట్టుకుంటే అది తానే నడుస్తుంది. స్పృహ తప్పిన కుక్కనూ, దెబ్బ తగిలిన కుక్కనూ మందపాటి దుప్పటి మీదకు మెల్లగా జరిపి, నాలుగు చెంగులూ పట్టుకుని వాహనంలోకి చేర్చాలి. బాధలో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరవవచ్చు కనుక, ఆ సమయంలో దాని నోటికి మన ముఖాన్ని దూరంగా ఉంచుకోవాలి.