మే నెలలో కుక్కను వాకింగ్‌కి తీసుకెళ్లే ముందు

బెజవాడ ఎండలో మా బుజ్జిగాడిని (సగం వేటకుక్క, మిగతా సగం ఏంటో దేవుడికే తెలియాలి) బయటికి తీసుకెళ్లాలంటే ముందు నేనే చెప్పులు విప్పి రోడ్డు మీద నిలబడతాను, 7 సెకన్లు కాలు ఆనించలేకపోతే వాడి పాదాలూ కాలతాయి కాబట్టి ఇద్దరం లోపలికే. పొద్దున 6 లోపు నయం.

మెడపట్టీని నమ్మొద్దు. వేటకుక్కకి తల సన్నం, మెడా దాదాపు అంతే లావు. బందరు కాలువ గట్టున పిల్లి కనబడగానే మావాడు తల వెనక్కి లాగి జారిపోయాడు, పట్టీ మాత్రం నా చేతిలో మిగిలింది. ఛాతీకి హార్నెస్ వేయండి, రెండు వేళ్లు దూరేంత వదులు చాలు.

తిండి పెట్టిన వెంటనే వద్దు. నీళ్ల సీసా, గిన్నె తప్పనిసరి. రేబిస్ టీకా గడువు చూసుకోండి. చెవి మడతల్లో, వేళ్ల మధ్య పిడుదులు వెతకండి, తిరిగొచ్చాక మళ్లీ ఒకసారి; చెవి ముట్టుకుంటే మావాడు అలుగుతాడనుకోండి.