స్కూల్లో ఏఐ ఫేక్ ఫొటోల వేధింపులను అడ్డుకునే పాలసీ ఎలా తయారుచేయాలి?

2023 నవంబరులో హీరోయిన్ రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో (ఏఐతో ముఖం మార్చి చేసిన నకిలీ వీడియో) బయటికొచ్చినప్పుడు చాలామంది అది సినిమావాళ్లకు వచ్చిన కష్టం అనుకున్నారు. అంతకు రెండు నెలల ముందే స్పెయిన్‌లో అల్మెంద్రలేహో అనే ఊళ్లో ఇరవై మందికి పైగా అమ్మాయిల ఫొటోలను తోటి పిల్లలే ఒక యాప్‌లో వేసి, ఒంటిమీద బట్టలు లేనట్టు మార్చి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారు. ఆ అమ్మాయిల్లో 11 ఏళ్ల పిల్లలు కూడా ఉన్నారు. వాడుకున్నవి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న మామూలు ఫొటోలే. 2024లో అక్కడి కోర్టు 15 మంది మైనర్లను ఏడాది పాటు పర్యవేక్షణలో ఉంచాలని తీర్పు ఇచ్చింది.

ఒక ఫొటో, ఒక ఫోన్, కొన్ని నిమిషాల టైమ్ ఉంటే ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా ఈ పని చేయగలడు. అందుకే ఏ స్కూలైనా, అది ఊరి జడ్పీ హైస్కూలైనా, సిటీలోని ఇంటర్నేషనల్ స్కూలైనా, ఇలాంటిది జరగకముందే ఏం చేయాలో కాగితం మీద రాసి పెట్టుకోవాలి. జరిగాక ఆలోచిద్దామనుకుంటే ఆ కంగారులో పెద్దవాళ్లు చేసే పొరపాట్లన్నీ బాధపడిన పిల్ల నెత్తినే పడతాయి. హెడ్‌మాస్టర్లు, టీచర్లు, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ఉన్న తల్లిదండ్రులు కలిసి కూర్చుని ఈ కింది పనులు చేయవచ్చు.

1. ఏది తప్పో, ఎక్కడిదాకా మన బాధ్యతో రాయండి

ఇలాంటివి ఎక్కువగా రాత్రిపూట, ఇంట్లో, అమ్మ ఫోన్‌లోనో అన్నయ్య ఫోన్‌లోనో జరుగుతాయి. స్కూల్లో ఫోన్ నిషేధం ఉంది కాబట్టి మాకు సంబంధం లేదనడానికి వీల్లేదు. మర్నాడు ఆ అమ్మాయి వచ్చి కూర్చోవాల్సింది మీ క్లాసులోనే. అందుకని పాలసీలో మొదటి వాక్యమే ఇలా ఉండాలి: "స్కూల్లో, బస్సులో, హాస్టల్లో, ట్యూషన్లో, ఇంట్లో ఎక్కడ చేసినా, అది మా విద్యార్థి చదువుకు, భద్రతకు ఇబ్బంది అయితే ఈ నియమం వర్తిస్తుంది."

ఆ తర్వాత ఏవేవి తప్పో విడివిడిగా చెప్పండి. ఫేక్ ఫొటో, వీడియో, ఆడియో తయారుచేయడం, దాచుకోవడం, ఫార్వర్డ్ చేయడం, ఫోన్ చేత్తో పట్టుకుని పక్కవాడికి చూపించడం, "నీ ఫొటో ఇలా చేస్తా" అని బెదిరించడం, అన్నీ తప్పే. అసభ్యంగా లేకపోయినా, ఒకరి రంగునో కులాన్నో శరీరాన్నో వెక్కిరిస్తూ ఏఐతో చేసిన బొమ్మలను కూడా కలపండి. అబ్బాయిలకు, టీచర్లకు కూడా ఇలాంటివి జరుగుతాయి కాబట్టి "విద్యార్థినులు" అని మాత్రమే రాయకండి. "జోక్‌కి చేశా", "అది ఫేకే కదా" అన్న జవాబులు ఒప్పుకోమని స్పష్టంగా పెట్టండి.

2. స్కూలే బయట పెడుతున్న ఫొటోలు లెక్క చూడండి

చాలా పాలసీల్లో ఈ భాగమే ఉండదు. పిల్లలకు "ఇన్‌స్టాలో ఫొటోలు పెట్టొద్దు" అని క్లాసు పీకుతారు. అదే స్కూల్ గేటు పక్కన ఫ్లెక్సీ మీద మాత్రం ర్యాంకు వచ్చిన అమ్మాయి ముఖం పెద్దదిగా, పూర్తి పేరుతో, మార్కులతో సహా వేలాడుతూ ఉంటుంది. ఫేస్‌బుక్ పేజీ తెరిస్తే బతుకమ్మ, కృష్ణాష్టమి, యాన్యువల్ డే ఫొటోలు వందల్లో ఉంటాయి. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన డ్రైవ్ లింకు తల్లిదండ్రుల గ్రూపులో పడుతుంది. అక్కడి నుంచి ఎవరికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. అందులో ఉన్నవన్నీ ముఖం స్పష్టంగా కనిపించే పెద్ద సైజు ఫొటోలు. యాప్‌కి కావలసింది సరిగ్గా అలాంటి ఫొటోయే.

కాబట్టి ముందు స్కూల్ పేజీ నుంచి మొదలుపెట్టండి. ఒక్కో విద్యార్థి ముఖం దగ్గరగా కనిపించే పాత ఫొటోలు తీసేయండి. ఇకమీదట దూరం నుంచి తీసిన గ్రూప్ ఫొటోలు, వెనకనుంచి తీసినవి, చేతులు, ముగ్గులు, ప్రాజెక్టులు కనిపించేవి పెట్టండి. ముఖం, పూర్తి పేరు, తరగతి మూడూ ఒకేచోట ఉండకూడదు. యాన్యువల్ డే ఫొటోలు ఎవరి పిల్లలవి వాళ్ల ఇంటికే పంపండి. ఉమ్మడి లింకు తప్పదంటే కొన్ని వారాల తర్వాత దాన్ని మూసేయండి. టీచర్లు పిల్లల ఫొటోలను సొంత వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం ఆపాలి. ఈ మాట కొందరికి కష్టంగా అనిపిస్తుంది, అయినా రాయాల్సిందే.

అనుమతి పత్రం కూడా మార్చాలి. అడ్మిషన్ ఫారం చివర చిన్న అక్షరాల్లో "ఫొటోలు వాడుకోవచ్చు" అని ఒక లైను పెట్టి సంతకం తీసుకోవడం అనుమతి అనిపించుకోదు. ఐడీ కార్డుకి, ఫ్లెక్సీకి, సోషల్ మీడియాకి వేర్వేరు గళ్లు పెట్టి, "వద్దు" అనే గడి కూడా ఇవ్వండి. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా 18 ఏళ్లలోపు వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలనే చెబుతోంది.

3. పిల్లలు ఎవరికి చెప్పాలో పేరుతో సహా చెప్పండి

ఇద్దరిని నియమించండి, కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. "మేనేజ్‌మెంట్‌కి తెలియజేయండి" అంటే ఎవరికి చెప్పాలో పిల్లలకు అర్థం కాదు. ప్రతి క్లాసు గోడ మీద ఆ ఇద్దరి పేర్లు, వాళ్లు ఎక్కడ దొరుకుతారో రాసి పెట్టండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్ కూడా అక్కడే ఉండాలి.

ఆ ఇద్దరికీ మొదట మాట్లాడాల్సిన మాటలు నేర్పండి. "ఇది నీ తప్పు కాదమ్మా. చెప్పి మంచి పని చేశావు. ఆ ఫొటో నాకు చూపించక్కర్లేదు. ఇప్పుడు మనం ఏం చేస్తామో చెప్తాను, విను." ఇంతే. "అసలు నువ్వు ఫొటో ఎందుకు పెట్టావ్?", "ఆ అబ్బాయితో నీకు పరిచయం ఉందా?" అనే ప్రశ్నలు అడగకూడదని పాలసీలోనే రాయండి. ఆ ఒక్క ప్రశ్నతో పిల్ల నోరు మూసేసుకుంటుంది. తర్వాత బాధపడే అమ్మాయి అసలు రానే రాదు.

4. మొదటి గంటలో చేయాల్సినవి, చేయకూడనివి

పాలసీలో ఏ భాగానికి ఎక్కువ టైమ్ పెట్టాలి అంటే దీనికే అంటాను. మన స్టాఫ్‌రూముల్లో సహజంగా జరిగేదేమిటంటే, ఒక టీచర్ ఫోన్‌లో ఆ ఫొటో చూసి, "సార్ చూడండి ఎంత ఘోరమో" అని హెచ్‌ఎంకి పంపుతారు, హెచ్‌ఎం కరస్పాండెంట్‌కి పంపుతారు. మంచి ఉద్దేశంతోనే ఆ ఫొటో ఇంకో నలుగురి ఫోన్లలోకి చేరింది. ఆ పంపడం చట్టం దృష్టిలో కూడా తప్పే. బ్రిటన్ ప్రభుత్వం అక్కడి స్కూళ్లకు ఇచ్చిన సూచనల్లో స్టాఫ్ ఇలాంటి ఫొటోలను చూడకూడదు, కాపీ చేయకూడదు, ఎవరికీ పంపకూడదు అని ఉంది. మనమూ అదే పెట్టుకోవాలి.

ఆధారం కోసం ఫొటో అక్కర్లేదు. ఒక నోట్‌బుక్కులో ఇవి రాయండి: ఏ యాప్, ఏ గ్రూపు, ఏ అకౌంట్ పేరు, లింకు, ఎప్పుడు కనిపించింది, ఎవరు ఎవరికి పంపినట్టు తెలిసింది, మీకు చెప్పిందెవరు, ఏ టైమ్‌కి చెప్పారు. మెసేజులు కొన్ని గంటల్లో వాటంతటవే మాయమయ్యే సెట్టింగులు ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయకండి. ఫోన్ ఉన్న పిల్లాడితో "ఎవరికీ పంపకు, ఇప్పుడే ఏదీ డిలీట్ చేయకు, పోలీసులు చెప్పినట్టు చేద్దాం" అని చెప్పి, వాళ్ల తల్లిదండ్రులను పిలిపించండి. ఫోన్ లాక్కుని గ్యాలరీ వెతకడం టీచర్ పని కాదు.

బాధపడిన పిల్ల తల్లిదండ్రులకు అదే రోజు, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. ఇంటికెళ్లాక పిల్లను తిట్టడం, చదువు మాన్పించడం లాంటివి చేయకుండా వాళ్లను సిద్ధం చేయాల్సింది కూడా ఆ కూర్చోబెట్టినప్పుడే.

5. పోలీసులకు చెప్పడం స్కూల్ ఇష్టాయిష్టాల మీద ఉండదు

"పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం" అనేది చాలాచోట్ల మొదట వచ్చే మాట. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకస్టర్‌లోని ఒక ప్రైవేటు స్కూల్‌కి 2023 చివర్లోనే ఇలాంటి ఫొటోల గురించి సమాచారం అందింది. వాళ్లు పోలీసులకు చెప్పలేదు. తీరా 2024లో చూస్తే బాధితులు దాదాపు 60 మంది అమ్మాయిలని తేలింది. స్కూల్ హెడ్, బోర్డు అధ్యక్షురాలు ఇద్దరూ పదవులు వదులుకోవాల్సి వచ్చింది.

మన చట్టం చూద్దాం. ఐటీ చట్టం సెక్షన్ 67బి ప్రకారం పిల్లలను అసభ్యంగా చూపించే డిజిటల్ బొమ్మలు తయారుచేసినా, డౌన్‌లోడ్ చేసినా, పంచినా మొదటిసారి నేరానికి 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా ఉంటాయి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టానికి 2019లో చేసిన సవరణ, కంప్యూటర్‌తో పుట్టించినవీ మార్చినవీ కూడా లెక్కలోకి వస్తాయని చెప్పింది. కాబట్టి "నిజం ఫొటో కాదు" అనే మాట ఇక్కడ నిలబడదు. పోక్సో కింద నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పాలని సెక్షన్ 19 అంటుంది. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, జరిమానా పడవచ్చు. చెప్పలేదని పిల్లలకు మాత్రం ఈ శిక్ష ఉండదు.

ఎవరు వెళ్లి చెప్తారో పాలసీలో రాయండి. దగ్గర్లోని పోలీస్ స్టేషన్, అర్జంటయితే 112, సైబర్ హెల్ప్‌లైన్ 1930, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్. ఆ పోర్టల్లో మహిళలు, పిల్లలపై నేరాల విభాగంలో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. తెలంగాణలో మహిళల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ కూడా ఉన్నాయి. ముఖం మార్ఫ్ చేసిన మీమ్ లాంటివి, అసభ్యం లేనివి, స్కూల్ స్థాయిలోనే చూసుకోవచ్చు. ఏది ఏ కోవలోకి వస్తుందో అనుమానం వస్తే పోలీసులనే అడగండి.

6. ఫొటో తీయించే పని

ముందు యాప్‌లోనే రిపోర్ట్ చేయాలి. 2021 ఐటీ రూల్స్‌లో నగ్నత్వం ఉన్నవి, మార్ఫింగ్ చేసినవి ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాలని గడువు పెట్టారు, 2026 ఫిబ్రవరిలో దాన్ని 2 గంటలకు తగ్గించారు. ఫిర్యాదు బాధితురాలు గానీ ఆమె తరఫున ఇంకొకరు గానీ చేయవచ్చు. స్కూల్ తరఫున ఒకరు పక్కన కూర్చుని సాయం చేయండి.

18 ఏళ్లలోపు వాళ్ల కోసం "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సర్వీసు ఉంది. అమెరికాలో పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ దీన్ని నడుపుతుంది. ఫొటో ఫోన్ దాటి బయటికి వెళ్లదు. దాని డిజిటల్ వేలిముద్ర లాంటి ఒక కోడ్ మాత్రమే వెళుతుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివి ఆ కోడ్ చూసి ఫొటోను గుర్తుపడతాయి. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చూడలేని ఎన్‌క్రిప్షన్ ఉన్న ప్రైవేట్ చాట్లలో ఇది పనిచేయదు. అలాగే ఆ ఫైలు అమ్మాయి దగ్గర లేకపోతే, "మాకు పంపండి" అని ఎవర్నీ అడగకూడదు. లింకు ఇచ్చి ఫిర్యాదు చేస్తే సరిపోతుంది.

7. బాధపడిన పిల్ల చదువు ఆగకూడదు

2025లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో 13 ఏళ్ల అమ్మాయి తన ఏఐ ఫేక్ ఫొటోను స్కూల్ బస్సులో చూపిస్తున్న అబ్బాయి మీద తిరగబడింది. స్కూల్ ఆమెనే బయటికి పంపింది. మన దగ్గర ఇది "కొన్నాళ్లు ఇంట్లో ఉంచండి", "టీసీ తీసుకోండి, అమ్మాయికే మంచిది" అనే రూపంలో వస్తుంది. ఈ రెండు మాటలూ స్కూల్ తరఫున ఎవరూ అనకూడదని రాయండి. సెక్షన్ మార్చాలన్నా, బస్సు మార్చాలన్నా చేసినవాళ్లకే మార్చాలి. అటెండెన్స్, పరీక్షల విషయంలో వెసులుబాటు ఇవ్వండి. రోజూ ఒక టీచర్ ఆమెను పలకరించాలి. నిద్రపోవడం లేదనో బతకాలని లేదనో అంటే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మానసిక సాయానికి టెలీ మానస్ నంబర్ 14416 తెలుగులో కూడా పలుకుతుంది.

8. చేసినవాళ్లు కూడా పిల్లలే

శిక్ష ఉండాలి, కానీ అసెంబ్లీలో నిలబెట్టి పేరు చదవడం, ఫొటో గ్రూపులో పెట్టడం కుదరదు. 18 ఏళ్లలోపు వాళ్ల కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళుతుంది, వాళ్ల వివరాలు బయటపెట్టడం కూడా నేరమే. తయారుచేసినవాడికి, ఫార్వర్డ్ చేసినవాడికి, చూసి వచ్చి చెప్పినవాడికి ఒకే శిక్ష వేయకండి. చెప్పినవాడికి రక్షణ ఉంటుందని రాస్తే తర్వాతిసారి తొందరగా బయటపడుతుంది.

9. అందరికీ చెప్పి, రిహార్సల్ చేయండి

పాలసీ తెలుగులో రెండు పేజీలు దాటకుండా ఉండాలి. తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించండి. ఆరో తరగతి నుంచి ప్రతి క్లాసులో ఒక పీరియడ్ పెట్టి, "నీ ఫోన్‌కి ఇలాంటి ఫొటో వస్తే ఏం చేస్తావు?" అని అబ్బాయిలనూ అమ్మాయిలనూ అడిగి మాట్లాడించండి. టీచర్లతో టర్ముకి ఒకసారి ఊహించిన కేసు ఒకటి పెట్టి, మొదటి గంట పనులు వరుసగా చేయించండి. నంబర్లు పనిచేస్తున్నాయో లేదో, నియమించిన ఇద్దరిలో ఎవరైనా బదిలీ అయ్యారో అప్పుడే చూసుకోండి. ఏటా జూన్‌లో స్కూల్ తెరవగానే కొత్త పేర్లతో మళ్లీ అంటించండి.